క్లాసు మొత్తానికి పోర్ట్‌ఫోలియోలు (ఒక్కో పిల్లవాడు చేసిన పనుల ఫైళ్లు) పద్ధతిగా పెట్టడం ఎవరి వల్లయినా అవుతోందా?

లెక్కల_టీచరమ్మ
ఏడో తరగతికి క్లాస్ టీచర్ని, ఖమ్మం జిల్లాలో ఒక జడ్పీ హైస్కూలు. నలభై మంది పిల్లలు, ఆరు సబ్జెక్టులు, ఏడాదికి నాలుగు ఎఫ్‌ఏలు (ఫార్మేటివ్ అసెస్‌మెంట్లు, చదువు సాగుతుండగా మధ్యమధ్యలో చేసే మూల్యాంకనాలు), ఒక్కో ఎఫ్‌ఏకి మళ్లీ ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు, లఘు పరీక్ష అని నాలుగు రకాలు. ఒకరోజు ఖాళీ పీరియడ్‌లో గుణించి చూస్తే 3840 వచ్చింది. అది కూడా రకానికి ఒక్క కాగితమే అనుకుంటే. ఆ కాగితాలన్నీ ఇప్పుడు నా బల్ల కింద రెండు బియ్యం సంచుల్లో ఉన్నాయి. పోయినేడు దసరా సెలవులయ్యాక బీరువా తెరిస్తే ఎలుకలు ప్రాజెక్టుల మీద పడ్డాయి. మైదా జిగురుతో అంటించిన చార్టులు మొత్తం నమిలేశాయి, ఫెవికాల్‌తో అంటించినవి ముట్టుకోలేదు. ఆ తర్వాతి వారమే తనిఖీకి వచ్చినాయన ఏదో ఒక రోల్ నంబరు చెప్పి ఆ పిల్ల ప్రాజెక్టు చూపించమన్నారు. ఎలుక తినేసింది సార్ అని చెప్తే హోంవర్కు ఎగ్గొట్టిన పిల్లని చూసినట్టు చూశారు.

ఈసారి మొదటి నుంచే ఒక్కొక్కరికీ ఫైలు పెడదామని ఉంది. అందులో ఏం ఉంచాలి, ఏం పారేయాలి, ఎక్కడ పెట్టాలి, ఇదంతా ఏ టైములో చేయాలి? నిజంగా చేస్తున్నవాళ్లు చెప్పండి. ట్రైనింగులో చెప్పింది నేనూ విన్నాను.

గోదారి_గట్టు
ఎలుకలకి కూడా ప్రాజెక్టు పని మీదే ఆసక్తి, లఘు పరీక్షలు ముట్టుకోలేదు చూశారా.

బయాలజీ_ఓరుగల్లు
నవ్వుతాం గానీ ఇది అందరి బాధే. నేను చేసేది చెప్తా. మంచి ఫైళ్లు కొనే స్తోమత స్కూలుకి లేదు, గ్రాంటు సుద్దముక్కలకీ చీపుళ్లకీ సరిపోతుంది. పాత క్యాలెండర్ అట్టలు తెప్పించి రెండు చిల్లులు పొడిచి ట్యాగు వేయిస్తాను. ఒక్కో ఫైలుకి ఖర్చు ట్యాగుదే. రోల్ నంబరు అట్ట మీద కాదు, పక్కన వెన్ను మీద రాయించాలి, నిలువుగా పేరిస్తే అప్పుడే కనిపిస్తుంది. ఇది తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది.

పదోతరగతి_బాధితుడు
మా స్కూల్లో ఫైలు ఉంది, ఫైల్లో ఏముందో మాకే తెలీదు. ఎఫ్‌ఏ ముందు రోజు రాత్రి రాస్తాం, పొద్దున ఇస్తాం, మళ్లీ దాని ముఖం చూడం.

ఏకోపాధ్యాయుడు
మాది ఐదు తరగతులు, పద్నాలుగు మంది, నేనొక్కణ్ణే. బీరువా ఉంది గానీ అందులో గుడ్లూ పప్పూ ఉంటాయి. అందుకని గది వెనక గోడకి ఈ చివర నుంచి ఆ చివరికి దండెం కట్టాను. యూనిఫాం కుట్టించగా మిగిలిన గుడ్డతో ఒక తల్లి పద్నాలుగు సంచులు కుట్టిచ్చింది, డబ్బులిస్తే తీసుకోలేదు. ఒక్కో సంచి మీద పిల్లవాడే తన గుర్తు వేసుకున్నాడు. ఒకటో తరగతివాళ్లకి పేరు రాయడం రాదు కదా, ఒకడు కోడిపుంజు వేశాడు, ఒకడు ట్రాక్టరు. నేలకి నాలుగడుగుల ఎత్తున ఉంటాయి కాబట్టి ఎలుకలు అందుకోలేదు, వాన జల్లు కూడా పడదు. పిల్లలకి మాత్రం అందుతుంది. మేడం గారూ, మీ నలభై మందికి ఇది కుదరదు గానీ పిల్లలకి అందే చోట పెట్టడం అన్నది మాత్రం వదులుకోవద్దు. తాళం వేసి పెడితే అది ఆఫీసు ఫైలు అయిపోతుంది.

లెక్కల_టీచరమ్మ
ట్రాక్టరు సంచి చూడాలని ఉంది సార్. కానీ అందే చోట పెడితే మావాళ్లు ఒకరిది ఒకరు చించుకుంటారు. ఏడో తరగతి మరి.

రిటైర్డ్_హెచ్ఎం
లెక్కల టీచరమ్మ గారు మొదటే ఒక పొరపాటు పడుతున్నారు, అనుభవంతో చెప్తున్నా, ఏమీ అనుకోవద్దు. 3840 కాగితాలని దాచడం పోర్ట్‌ఫోలియో కాదు. అది రికార్డు రూము. మా రోజుల్లో యూనిట్ టెస్టులు, త్రైమాసిక, అర్ధ సంవత్సర, వార్షిక పరీక్షలు, వాటి పేపర్లు కట్టలు కట్టి అటక మీద పడేసేవాళ్లం, ఎవరూ చూసేవారు కాదు. పిల్లవాడి క్యుములేటివ్ రికార్డు అని ఒకటుండేది, ఎత్తు, బరువు, నడవడిక 'తృప్తికరం' అని అందరికీ ఒకే మాట. తర్వాత విద్యాహక్కు చట్టం వచ్చింది, 2009లో చేశారు, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో 29వ సెక్షన్‌లో నిరంతర సమగ్ర మూల్యాంకనం అన్నారు. పిల్లవాడికి ఎంత అర్థమైంది, అర్థమైనదాన్ని వాడగలుగుతున్నాడా అన్నది చూడమని దాని ఉద్దేశం. మన చేతికి వచ్చేసరికి నాలుగు రిజిస్టర్లు అయ్యాయి. 2020 జాతీయ విద్యా విధానంలో ప్రోగ్రెస్ కార్డు గురించి రాసిన 4.35 పేరాలో పోర్ట్‌ఫోలియో అన్న మాట స్పష్టంగా ఉంది, పిల్లలు తమని తాము, తోటివాళ్లని మూల్యాంకనం చేసుకోవాలనీ ఉంది. అంటే పిల్లవాడి చెయ్యి పడకుండా ఆ ఫైలుకి అర్థం లేదన్నమాట. నా లెక్కలో ఏడాదికి ఒక పిల్లవాడి ఫైల్లో ముప్పై కాగితాలు మించకూడదు.

బయాలజీ_ఓరుగల్లు
సార్, ముప్పై కాగితాలే ఉంటే తనిఖీకి వచ్చినవాళ్లకి ఏం చూపిస్తాం? మాకు పదో తరగతి ఉంది. ఇక్కడ ఇంటర్నల్స్, అంటే స్కూల్లోనే వేసేవి, 20 మార్కులు, ఎఫ్‌ఏకి నాలుగు అంశాలు, ఒక్కోదానికి 5. పక్క స్కూలు నుంచి బృందం వచ్చి మార్కు వేసినదానికి కాగితం ఉందా అని చూస్తుంది. మీరు చెప్పేది వినడానికి బాగుంటుంది.

రిటైర్డ్_హెచ్ఎం
రెండూ వేరు వేరుగా పెట్టండి అంటున్నా. మార్కులకి ఆధారం ఒక కట్ట. అది సబ్జెక్టు వారీగా, ఎఫ్‌ఏ వారీగా, రోల్ నంబర్ల వరుసలో, తాళం వేసిన బీరువాలో. పిల్లవాడి పోర్ట్‌ఫోలియో వేరే, అది క్లాసులో. ఈ రెంటినీ కలిపేయబట్టే రెండూ చెడుతున్నాయి.

గోదారి_గట్టు
మాకు ఏపీలో పదో తరగతికి ఇంటర్నల్స్ ఎప్పుడో 2019లో తీసేశారు కాబట్టి ఆ గొడవ లేదు. దానికి బదులు 2025-26 నుంచి అసెస్‌మెంట్ పుస్తకం వచ్చింది, పరీక్షలన్నీ అందులోనే రాయాలి, విడి కాగితాలు ఎగిరిపోయే బాధ తప్పింది. బరువు మాత్రం పెరిగింది. సబ్జెక్టుకి ఒకటి చొప్పున నలభై మందివీ దిద్దడానికి ఇంటికి మోసుకెళ్తుంటే బస్సులో కండక్టరు లగేజీ టికెట్ తీసుకోమన్నాడు. అయినా హెచ్ఎం గారితో ఏకీభవిస్తా. అది పరీక్షల పుస్తకమే, పోర్ట్‌ఫోలియో కాదు.

పదోతరగతి_బాధితుడు
మాకు తెలంగాణలో 2024 నవంబరులో ఇంటర్నల్స్ తీసేస్తున్నాం అన్నారు, మర్నాడే ఈ ఏడాదికి కాదన్నారు. ఆ ఒక్క రాత్రి మా అన్న బ్యాచ్‌వాళ్లు ప్రాజెక్టు ఫైళ్లు చింపి పండగ చేసుకున్నారు. తెల్లారి టేపుతో అతికించుకున్నారు.

గోదారి_గట్టు
నిజమా అబద్ధమా తెలీదు గానీ రాసిన తీరు బాగుంది బాబూ, మీ తెలుగు సారుకి చూపించి ప్రతిస్పందన మార్కులు వేయించుకో.

జిరాక్స్_షాపు
నేను టీచరుని కాదు, హైస్కూలు ఎదురుగా స్టేషనరీ, జిరాక్స్ షాపు. ఎఫ్‌ఏ ముందు రోజు సాయంత్రం మా కొట్లో నిలబడ్డానికి చోటుండదు. నీటి కాలుష్యం ప్రాజెక్టు, పది పేజీలు, రంగుల బొమ్మలతో, అట్టతో సహా రెడీగా ఉంటుంది. పోయినసారి ఒకే నీటి కాలుష్యం ముప్పై ఒక్క మందికి తీశాను. అందులో ఒక పిల్లాడు తన పేరు రాయడం మర్చిపోయాడు, మొదట నెట్‌లో ఎవరు పెట్టారో వాళ్ల పేరే ఉండిపోయింది. దానికి కూడా సారు సంతకం పడింది. తప్పు నాదే అనకండి, అడిగితేనే తీస్తాను.

అమ్మ_ఇద్దరికి
జిరాక్స్ అన్నయ్యా, మీ తప్పు ఏమీ లేదు. మా ప్రైవేటు స్కూల్లో జూన్‌లోనే 'పోర్ట్‌ఫోలియో కిట్' అని విడిగా డబ్బులు కట్టించుకుంటారు. పేరెంట్స్ మీటింగులో మెరిసే కవర్లలో పెట్టి చూపిస్తారు. మా రెండోది మూడో తరగతి, దాని ఫైల్లో 'నా గురించి' అని ఒక పేజీ ఉంది, అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. దాని దస్తూరీ నాకు తెలీదా? అడిగితే 'మేడం రాసింది, నేను రంగు వేశా' అంది. ఆ రంగు కూడా గీత దాటలేదు, అది కూడా మేడమే వేశారేమో. నాకు కావాల్సింది జూన్‌లో దాని వంకర అక్షరాలు, మార్చిలో కాస్త తక్కువ వంకర అక్షరాలు. అంతకన్నా ఏం అడిగాను?

బొమ్మల_టీచర్
అమ్మ_ఇద్దరికి, మీరు చెప్పినదాంట్లో నేనూ దోషినే. ఆరేళ్లు ప్రైవేటులో చేశా. మీటింగుకి ముందు శనివారం రాత్రి ఎనిమిదింటి దాకా కూర్చోబెట్టి ఫైళ్లు 'సరిచేయించేవారు'. పిల్లవాడు ఏనుగుకి ఆరు కాళ్లు వేస్తే రెండు చెరిపేయాలి. వాడికి మాత్రం అది పరిగెత్తే ఏనుగు, అందుకని ఆరు కాళ్లు. ఆ కాగితం చింపలేక ఇంటికి తెచ్చుకున్నా, ఇంకా నా దగ్గరే ఉంది.

డాలస్_నాన్న
ఇక్కడ మా అబ్బాయి స్కూల్లో వారానికోసారి ఒక ఫోల్డరు ఇంటికి పంపుతారు, ఆ వారం చేసినవన్నీ అందులో వస్తాయి, మనం సంతకం పెట్టి ఖాళీ ఫోల్డరు వెనక్కి పంపాలి. స్కూల్లో కుప్ప పడదు. కుప్ప మా గ్యారేజీలో పడింది. ఎనిమిదేళ్లవి. మా ఆవిడ పారేయనివ్వదు.

లెక్కల_టీచరమ్మ
హెచ్ఎం గారు చెప్పిన రెండు కట్టల మాట నాకు బాగా నచ్చింది. ఇన్నాళ్లూ ఒకే సంచిలో రెండూ కుక్కుతున్నా. కానీ ఆ ముప్పై కాగితాలు ఎవరు ఏరాలి? నేను ఏరితే మళ్లీ నా పనే. పిల్లల్ని ఏరమంటే పదికి పది వచ్చినవే పెడతారు. పది రానివాడు ఏం పెడతాడు?

ఒత్తులు_దీర్ఘాలు
తెలుగు చెప్తాను, ఎనిమిది తొమ్మిది తరగతులకి. మీ ప్రశ్న దగ్గరే నేను మూడేళ్లు ఆగిపోయా. మొదట్లో 'మీకు నచ్చినవి పెట్టండి' అంటే అందరూ మార్కులు ఎక్కువ వచ్చినవో, అందంగా రాసినవో పెట్టారు. అలా కాదని ప్రశ్న మార్చాను. నెలకి మూడు కాగితాలు: ఒకటి బాగా వచ్చిందనుకున్నది, ఒకటి చాలా కష్టపడ్డది, ఒకటి తప్పుపోయి మళ్లీ చేసింది. మూడోదానికి పాతదీ కొత్తదీ రెండూ కలిపి పిన్ను కొట్టాలి. ప్రతిదాని మీదా తేదీ, కింద ఒక్క వాక్యం, ఇది ఎందుకు పెట్టాను అని. ఈ ఒక్క వాక్యం దగ్గరే అసలు పని జరుగుతుంది. మొదటి నెల నలభై మందీ 'ఇది నాకు నచ్చింది కాబట్టి' అని రాశారు. తిట్టలేదు. రెండో నెల నలుగురివి చదివి వినిపించాను. ఒకమ్మాయి రాసింది, 'లేఖలో మొదట అమ్మకి చెప్పాల్సిన విషయం చివర్లో రాశాను, రెండోసారి ముందుకి తెచ్చాను' అని. అంతే, మిగతావాళ్లకి విషయం అర్థమైపోయింది. ఎర్ర ఇంకుతో దిద్దిన కాగితం దాచుకోవడానికి సిగ్గుపడే పిల్లలు తర్వాత దాన్నే ముందు పెట్టడం మొదలెట్టారు.

ఇంకోటి, ఎర్ర పెన్నుతో అన్ని తప్పులూ దిద్దితే పిల్లవాడు దిద్దుకోడానికి ఏమీ మిగలదు. నేను ఒత్తులు తప్పుపోతే ఆ వరుస పక్కన చుక్క పెడతా, ఎక్కడో వాడే వెతుక్కోవాలి. అప్పుడే పాతదానికీ కొత్తదానికీ తేడా పిల్లవాడిదవుతుంది, నాది కాదు.

లెక్కల_టీచరమ్మ
ఈ చుక్క ఐడియా లెక్కల్లో ఇంకా బాగా పనిచేస్తుంది. మావాళ్లకి పూర్ణ సంఖ్యల్లో (-3) - 5 అంటే సగం మంది 2 అని రాస్తారు. నేను ఇంటూ కొట్టి -8 అని రాసేసి ముందుకు పోతున్నా. ఆ కాగితం ఉంచి, నెల తర్వాత సంఖ్యారేఖ గీసి చేసింది పక్కన పెడితే తనిఖీకి వచ్చినాయనకి కూడా చూపించవచ్చు.

బయాలజీ_ఓరుగల్లు
వచ్చినాయన 'ఈ తప్పు ఎందుకు ఫైల్లో ఉంచారు' అంటాడు. నాకు జరిగింది.

రిటైర్డ్_హెచ్ఎం
అంటే పక్క కాగితం తిప్పి చూపించండి. ఒకటి రెండుసార్లు నేనే అలా తనిఖీకి వెళ్లి అదే ప్రశ్న అడిగి నోరు మూసుకున్నాను.

ఏకోపాధ్యాయుడు
హెచ్ఎం గారు ఇది ఒప్పుకోవడం బాగుంది.

క్లౌడ్_కుర్రాడు
కాగితాలు ఎందుకండీ అసలు. ఫోన్‌తో ఫోటో తీసి గూగుల్ డ్రైవ్‌లో పడేయండి, 15 జీబీ ఉచితంగా వస్తుంది. పిల్లవాడికో ఫోల్డరు, ఫైలు పేరు రోల్ నంబరు, సబ్జెక్టు, తేదీ. వెతకడం సెకన్ల పని. ఎలుకలు తినవు.

గోదారి_గట్టు
బాబూ, ఇప్పటికే పొద్దున లేస్తే ఒక్కో యాప్‌లో ఒక్కో ఫోటో పెడుతున్నాం. దానికి తోడు ఇది కూడానా. ఇంతకీ మా ఊళ్లో సిగ్నల్ కావాలంటే నీళ్ల ట్యాంకు ఎక్కాలి.

ఒత్తులు_దీర్ఘాలు
క్లౌడ్_కుర్రాడు చెప్పింది పూర్తిగా కొట్టేయక్కర్లేదు. చార్టులు, మట్టి బొమ్మలు, మొలకల డబ్బాలు, గుంపుగా చేసిన నాటిక, ఇవి ఫైల్లో పట్టవు. వాటికి ఫోటోనే దిక్కు. కానీ వాట్సాప్‌లో పంపుకుంటే ఫోటో నాణ్యత పడిపోయి అక్షరాలు కనపడవు, నేరుగా డ్రైవ్‌లోకే ఎక్కించాలి. నా పాత ఫోన్ నీళ్లలో పడి ఏడాది పని పోయింది, అప్పటి నుంచి నెలాఖరుకి ఒక్కరోజు కూర్చుని ఎక్కిస్తున్నా. ఆ మిగతాదంతా కాగితమే. పిల్లవాడు తన పాత కాగితం చేత్తో తిప్పి చూసుకోవడం వేరు, నా ఫోన్ తెరలో చూడటం వేరు.

క్లౌడ్_కుర్రాడు
ఒప్పుకుంటా. ఒక్కటే, ఫోటో తీసేటప్పుడు తేదీ వేసిన మూల కూడా పడేలా తీయండి. తేదీ లేని ఫోటో ఎందుకూ పనికిరాదు.

చీకటి_దీపం
ఎవరూ మాట్లాడని ఒక విషయం. ఆ ఫైలు ఎవరెవరు చూస్తారు? మా స్కూల్లో ఆరో తరగతికి 'మా ఇల్లు' అని రాయమన్నాం. ఒక పిల్ల వాళ్ల నాన్న తాగొచ్చి రాత్రి ఏం చేస్తాడో అరపేజీ రాసింది. చాలా బాగా రాసింది, అది తనకి బాగా వచ్చిందని ఆ నెల ఫైల్లో పెట్టుకుంది కూడా. పేరెంట్స్ మీటింగుకి ఆ నాన్నే వచ్చాడు. ఫైలు బల్ల మీద ఉంది. నేను చూసుకోలేదు. ఆయన చదివాడు, ఒక్క మాట అనలేదు, ఫైలు మూసి వెళ్లిపోయాడు. ఆ పిల్ల మర్నాడు రాలేదు, రెండో రోజూ రాలేదు. నేను, ఇంకో మేడం వాళ్లింటికి వెళ్లి వాళ్ల అమ్మతో మాట్లాడాక మళ్లీ వచ్చింది. ఆ తర్వాత ఏమీ జరగలేదని వాళ్లమ్మ చెప్పింది. నిజమే అనుకుంటున్నా. అది నా తప్పు. అప్పటి నుంచి మీటింగుకి రెండు రోజుల ముందు ఫైళ్లు పిల్లలకే ఇచ్చి, ఇంట్లోవాళ్లు చూడకూడదనుకున్నవి ఉంటే తీసి నాకివ్వమంటాను. అవి కవర్లో పెట్టి అంటిస్తా, నేను కూడా మళ్లీ చదవను. అలాంటివి రాసిన పిల్లలతో విడిగా కూర్చుని మాట్లాడటం మాత్రం తప్పనిసరి.

అమ్మ_ఇద్దరికి
చదివి కాసేపు ఏమీ రాయలేకపోయా మేడం.

లెక్కల_టీచరమ్మ
నాకు ఈ ఆలోచనే రాలేదు. పిల్లల చేత తీయించడం తప్పకుండా పెడతా. లెక్కల్లో ఇలాంటివి ఉండవు గానీ క్లాస్ టీచర్ని కాబట్టి అన్ని సబ్జెక్టులవీ నా దగ్గరకే వస్తాయి.

బొమ్మల_టీచర్
అదే కారణంతో నేను ఫైళ్లు గోడకి తగిలించి ప్రదర్శన పెట్టడం మానేశా. ఏ కాగితం బయట పెట్టాలో ముందు అడుగుతా. ఆరేళ్లవాడికి కూడా 'వద్దు' అనడం బాగా వచ్చు.

గోదారి_గట్టు
సీరియస్ అయిపోయింది, అవ్వాల్సిందే. మళ్లీ మొదటి ప్రశ్నకొస్తే, టైము. మాకు శనివారం నో బ్యాగ్ డే పెట్టాక చివరి రెండు పీరియడ్లలో ఒకటి ఫైళ్లకి ఇచ్చేశాను, నెలకి ఒక్క శనివారమే. నలభై నిమిషాల్లో నలభై మందితో మాట్లాడలేం కాబట్టి ఒక్కో నెల పది మందిని మాత్రం పిలుస్తా, మిగతావాళ్లు జతలుగా ఒకరి ఫైలు ఒకరు చూస్తారు. చించుకుంటారని మీరు భయపడ్డారు కదా, మొదటి నెల చించుకున్నారు. పక్కవాడి ఫైల్లో ఒక మంచి విషయం రాసి సంతకం పెట్టాలి అన్న రూలు పెట్టాక తగ్గింది. ఒకడు వాళ్ల స్నేహితుడికి 'నీ గుండ్రని అక్షరాలు చూస్తే లడ్డూలు గుర్తొస్తున్నాయి' అని రాశాడు.

ఒత్తులు_దీర్ఘాలు
లడ్డూ కామెంటు నా క్లాసులో ఉంటే పదికి పది.

జిరాక్స్_షాపు
టీచర్లూ, మా దగ్గర ప్లాస్టిక్ ఫైళ్లు కొంటే వానలకి లోపల చెమ్మ పట్టి కాగితాలు ఒకదానికొకటి అంటుకుంటాయి. నా సరుకు గురించి నేనే చెప్తున్నా. అట్ట ఫైలే మేలు. ట్యాగుకి ఇనుప కొన ఉన్నది కొనొద్దు, తుప్పు మరక పడుతుంది. స్టేప్లరు పిన్నూ అంతే.

బయాలజీ_ఓరుగల్లు
జిగురు సంగతి ఎవరూ చెప్పలేదు. బైండింగు వాళ్లు మైదా జిగురులో మైలుతుత్తం కలుపుతారు, పురుగు పట్టదు. కానీ అది విషం, పిల్లల చేతికి ఇవ్వకూడదు. అందుకని జిగురు తగ్గించడమే దారి. నేను అంటించే ప్రాజెక్టులు మానేసి గీసే ప్రాజెక్టులు ఇస్తున్నా. పెసలు నానబెట్టి మొలక వచ్చిన దగ్గర్నుంచి రోజూ ఒక చిన్న బొమ్మ, పొడవు సెంటీమీటర్లలో, తేదీ. ఏడు రోజులకి ఏడు బొమ్మలు ఒకే కాగితం మీద. జిరాక్స్ అన్నయ్య దగ్గర అది దొరకదు. ఒకరిది ఇంకొకరిలా ఉండదు, ఎందుకంటే మొలకలు ఒకేలా పెరగవు. ఒకడికి నాలుగో రోజే బూజు పట్టింది, వాడు బూజు గీశాడు, నీళ్లు ఎక్కువ పోశానని కింద రాశాడు. అది క్లాసులో అన్నిటికన్నా మంచి ప్రాజెక్టు.

జిరాక్స్_షాపు
ఈ సారు మా కడుపు కొట్టేలా ఉన్నాడు.

పదోతరగతి_బాధితుడు
నేను కూడా ఒకటి చెప్పొచ్చా. మాకు ఎవరైనా 'నువ్వే ఏరుకో' అని ఉంటే నీటి కాలుష్యం పెట్టేవాణ్ణి కాదు. తొమ్మిదిలో ఒక గ్రాఫు మూడుసార్లు చెరిపి గీశా, కాగితానికి చిల్లు పడింది. సార్ ఆ కాగితం పారేసి కొత్తది తెమ్మన్నారు. పారేశాను. అది ఉంచుకోవాల్సింది.

రిటైర్డ్_హెచ్ఎం
చిల్లు పడ్డదే పెట్టాల్సింది నాయనా. పెద్దవాళ్లం మేమే చెప్పలేదు.

లెక్కల_టీచరమ్మ
రెండు నెలలయింది, ఏమైందో చెప్పి పోదామని వచ్చా. హెచ్ఎం గారి మాట ప్రకారం రెండు కట్టలు విడగొట్టాను. మార్కుల ఆధారాలు రోల్ నంబర్ల వరుసలో బీరువాలో, పై అరలో. కింది అర ఎలుకలకి వదిలేశా. పోర్ట్‌ఫోలియోలు క్యాలెండర్ అట్టలతో చేయించాం, వెన్ను మీద నంబర్లు, కిటికీ పక్కన ఇనుప రాక్‌లో నిలువుగా. మొదటి పేజీలో విషయ సూచిక పెట్టమన్నా, వారం తిరక్కుండానే సగం మంది రాయడం మానేశారు, నేనూ వదిలేశాను. తేదీ, ఎందుకు పెట్టానో ఒక వాక్యం, ఈ రెండే పట్టుకున్నా. ఒత్తులు_దీర్ఘాలు గారు చెప్పినట్టే మొదటి నెల నలభైకి ముప్పై ఆరు 'నాకు నచ్చింది కాబట్టి'. హిందీ సారు, సోషల్ మేడం ఇంకా మొత్తం కాగితాలు నా బల్ల మీదే పడేసి వెళ్తున్నారు, ఆ పంచాయితీ తేలలేదు.

వెనక బెంచీలో ఒకడున్నాడు, లఘు పరీక్షలో రెండో మూడో వస్తాయి. వాడు (-3) - 5 = 2 అన్న కాగితం పెట్టుకున్నాడు. కింద రాసిన వాక్యం ఇది: 'మూడు రూపాయల అప్పు ఉన్నప్పుడు ఇంకో ఐదు అప్పు చేస్తే మిగిలేదేమీ లేదు, ఇది మా బాకీ పుస్తకం చూస్తే తెలిసింది.' వాళ్ల నాన్నకి కిరాణా కొట్టు. నేను సంఖ్యారేఖ గీసి నెల రోజులు చెప్పా.

ఏకోపాధ్యాయుడు
బాకీ పుస్తకం! మేడం, వాడి ఫైలు కవరు మీద ఏ గుర్తు వేసుకున్నాడో అడగండి.

లెక్కల_టీచరమ్మ
అడిగా. త్రాసు. ఒకవైపు కిందకి వంగి ఉంది.

అమ్మ_ఇద్దరికి
ఏడాది చివర్లో ఈ ఫైళ్లు ఏం చేస్తారు? ఇంటికిస్తారా? ఇస్తే మాత్రం డాలస్ అన్నయ్య గ్యారేజీలా మా అటక.

గోదారి_గట్టు
ఏప్రిల్‌లో చివరి పనిదినం నాడు పిల్లలకే ఇచ్చేస్తా. వచ్చే ఏడు టీచరుకి చూపించడానికి మూడు కాగితాలు మాత్రం వాళ్ల చేతే ఏరించి ఉంచుకుంటా. కొత్త టీచరుకి జూన్‌లో ఆ మూడు చూస్తే పిల్లవాడి గురించి మార్కుల రిజిస్టరు కన్నా ఎక్కువ తెలుస్తుందని మా ఎనిమిదో తరగతి సారే చెప్పారు. మిగతాది ఇంట్లో దాస్తారో పకోడీలు పెట్టుకుంటారో వాళ్లిష్టం.

డాలస్_నాన్న
గ్యారేజీ అన్నందుకు కాదు గానీ, నిన్న మావాడు ఏదో వెతుకుతూ రెండో తరగతి డబ్బా తెరిచి గంటన్నర అక్కడే కూర్చున్నాడు. కారు బయటే పెట్టుకుంటున్నా.

లెక్కల_టీచరమ్మ
మరీ గంటన్నరా! సరే, మూడు కాగితాల మాట రాసుకున్నా. జిరాక్స్ అన్నయ్యా, ప్లాస్టిక్ కొన ఉన్న ట్యాగులు వంద ఎంత? హిందీ సారు చేత కూడా ఫైళ్లు కట్టిస్తా, వదిలేది లేదు.

జిరాక్స్_షాపు
మీకైతే హోల్‌సేల్ ధరే మేడం. నీటి కాలుష్యం మాత్రం ఇక తీయను, ఒట్టు. వాయు కాలుష్యం కొత్తగా వచ్చింది.